లీడ్ వాయించని గిటారిస్టుకు హార్డ్ రాక్‌లో భవిష్యత్తు ఉందా?

బ్యాండులో లీడ్, అంటే పాట మధ్యలో ముందుకొచ్చి వాయించే సోలోలన్నీ ఇంకొకరివి, నాకు వెనక లయ పట్టే రిథమ్ గిటారే మిగిలింది, ఇలాగైతే ఎదగగలనా అని అడిగారు. పేరు వస్తుందో రాదో నేను చెప్పలేను. పని గురించి చెప్పగలను. హైదరాబాదులో ఒక చిన్న బ్యాండులో చాలాకాలం నాదీ రెండో గిటారే, మేం వాయించినవాటిలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా హార్డ్ రాక్ బ్యాండు ఏసీ/డీసీ పాటలే.

ఆ బ్యాండు అనగానే అందరికీ గుర్తొచ్చేది స్కూలు యూనిఫాం నిక్కరుతో వేదికంతా గెంతే ఆంగస్ యంగ్. రిథమ్ వాయించే అన్న మాల్కం యంగ్ డ్రమ్ముల దగ్గర నిలబడి, కోరస్ పాడాల్సినప్పుడు మాత్రం మైకు దాకా వచ్చి, మళ్లీ తన చోటికి వెళ్లిపోయేవారు. గ్లాస్గోలో పుట్టి, 1963లో కుటుంబంతో పాటు సిడ్నీ చేరి, 1973లో అక్కడ ఈ బ్యాండు పెట్టింది ఆయనే. లీడ్ రాక కాదు, తమ్ముడికి వదిలేశారు. 1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ చనిపోతే, అన్నదమ్ములిద్దరూ ఆగకుండా పాటలు కడుతూ బ్రయాన్ జాన్సన్‌ను తెచ్చుకుని జూలైకల్లా ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ విడుదల చేశారు. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో అదొకటి.

దాని టైటిల్ పాట మొదలయ్యేది ఇ, డి, ఎ కార్డ్‌లతో (కార్డ్ అంటే కొన్ని స్వరాలను ఒకేసారి మోగించడం). గిటారు పట్టిన కొత్తలో అందరూ నేర్చుకునేవే. వేళ్లకు అవి ఒక్క సాయంత్రంలో వచ్చేశాయి, మా డ్రమ్మరుకు మాత్రం చాలాకాలం తృప్తి కలగలేదు. కష్టమంతా కార్డ్‌కూ కార్డ్‌కూ మధ్య ఉన్న నిశ్శబ్దంలో ఉంది. తీగలను ఎప్పుడు మోగించాలన్నదాని కంటే ఎప్పుడు అరచేత్తో ఆపాలన్నదే అక్కడ ముఖ్యం. పెళ్లిలో సన్నాయి ఎంత కమ్మగా మోగినా డోలు తడబడితే అందరి తలలూ అటే తిరుగుతాయి కదా, అలాంటి బాధ్యత ఇది.

ఇంకో సంగతి. మాల్కం ధ్వని గరుకుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. జాగ్రత్తగా వినండి, కార్డ్‌లో ప్రతి తీగా విడిగా వినిపిస్తుంది. పాత గ్రెచ్ గిటారుకు రంగు గీకేసి, మెడ వైపు పికప్ (తీగల కదలికను అందుకునే పరికరం) పీకేసి, లావు తీగలు బిగించి, మార్షల్ ఆంప్లిఫయర్‌లో గెయిన్ (పెంచేకొద్దీ ధ్వనిని గరుకుగా చేసేది) తక్కువగా పెట్టి గట్టిగా మీటేవారు. గెయిన్ పెంచితే తప్పులు కప్పుకుపోతాయి, తగ్గిస్తే అన్నీ బయటపడతాయి. మన కుర్ర బ్యాండ్లలో గెయిన్ నాబ్ ఎప్పుడూ చివరికే తిరిగి ఉండటానికి కారణం ఇదేనని నా అనుమానం!

ఆయన స్థానం ఎంత కీలకమో ఖాళీ అయినప్పుడు తెలిసింది. 1988లో తాగుడు మానడానికి టూరు మధ్యలో తప్పుకుంటే, బయట ఎందరో ఘనులుండగా మాల్కం పెద్దన్న కొడుకు స్టీవీ యంగ్‌ను నిలబెట్టారు. 2008లో మొదలైన ‘బ్లాక్ ఐస్’ టూరు నాటికి మాల్కంకు మతిమరుపు ముదిరింది. తాను కట్టిన రిఫ్‌లనే (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటారు వరసలు) మళ్లీ నేర్చుకుని వేదికెక్కేవారు. 2014లో తప్పుకున్నారు, మళ్లీ స్టీవీయే వచ్చారు. 2017 నవంబరులో, 64 ఏళ్ల వయసులో మాల్కం మరణించారు.

కాబట్టి మీ బ్యాండు వదలకండి. ఒక రిహార్సల్లో లీడ్ గిటారును ఒక పాటంతా ఆపమని అడిగి, ఫోనులో రికార్డు చేసి వినండి. మాల్కం వాడిన 12 సైజు తీగలు (అంకె పెరిగేకొద్దీ తీగ లావు) మాత్రం అప్పుడే కొనకండి. ముందు 10, ఆపైన 11. తీగ లావు మారిన ప్రతిసారీ గిటారు మెడ సరిచేయించుకోవాల్సి రావచ్చు, ఆ ఖర్చూ లెక్కలో ఉంచుకోండి.