పాత సెల్స్ డబ్బాలో ఉబ్బిన ఫోన్ బ్యాటరీ

ప్రశ్న: రిమోట్ సెల్స్, గడియారం సెల్స్, పాత ఫోన్ బ్యాటరీ అన్నీ రేకు బిస్కెట్ డబ్బాలో పడేస్తూ వచ్చానండి, ఇప్పుడు చూస్తే ఫోన్ బ్యాటరీ పూరీలా ఉబ్బింది, చెత్తబండిలో వేసేయొచ్చా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా, అస్సలు వేయొద్దు. చెత్తబండిలో నొక్కుడికి ఫోన్లలో ఉండే ఈ లిథియం బ్యాటరీ చితికిందంటే అక్కడే అంటుకుంటుంది, ఆ బండి మీద పనిచేసేవాళ్ల చేతులే ముందు కాలేది. ఉబ్బినదాన్ని గుచ్చకండి, నొక్కకండి, మళ్లీ ఛార్జింగ్ పెట్టి చూడకండి, మెల్లగా తీసి పొడి ఇసుక పోసిన మట్టికుండలో పెట్టి బయట నీడలో ఉంచి వీలైనంత త్వరగా ఈ-వేస్ట్ (పాడైన ఎలక్ట్రానిక్ సామాను) తీసుకునే సెంటర్‌లో ఇచ్చేయండి, ఇచ్చేటప్పుడు ఉబ్బిందని చెప్పండి.

రేకు డబ్బా కూడా మానేయండి. సెల్ కొనలు రేకుకి తగిలి షార్ట్ అవుతాయి, అందుకే ప్లాస్టిక్ డబ్బా వాడి, 9 వోల్టుల బ్యాటరీకి, బటన్ సెల్స్‌కి, లిథియం వాటికి కొనల మీద టేప్ అంటించండి. తెల్లపొడి కారిన సెల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, అది చర్మాన్ని కాలుస్తుంది.

బటన్ సెల్స్ మాత్రం పిల్లలకి అందనీయకండి, నాకు అన్నిటికంటే భయం అదే, మింగితే 2 గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, వాంతి చేయించకుండా వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాలి.

ఇన్వర్టర్ బ్యాటరీ అయితే కొన్న షాపులోనే ఇస్తే పాతదాని లెక్కకి కొత్తదాని ధరలో డబ్బు తగ్గిస్తారు. 2022 బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం వాడేసినవి వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే, అడగడానికి మొహమాటపడకండి.