హైదరాబాద్‌లో ఆరుగురం ప్రతి వారం బోర్డ్ గేమ్స్ ఆడుకోవాలంటే ఏం కొనాలి, ఎలా కుదుర్చుకోవాలి?

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఆరుగురు స్నేహితులు, మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా తలో మూల. కొన్నది ఒక్క కటాన్. రెండు శుక్రవారాలు ఆడారు, మూడో వారం ఎవరూ రాలేదు. ఇప్పుడు "దీనికన్నా మంచి గేమ్ ఏది?" అంటున్నారు. కటాన్ మంచి గేమే, దీవి మీద ఊళ్ళు కడుతూ సరుకుల కార్డులు మార్చుకునే ఆట. 1995లో జర్మనీలో వచ్చింది, ఇప్పటికీ ఆడుతున్నారు. కానీ ఆ డబ్బాలో సరంజామా ముగ్గురికి, లేదా నలుగురికి. ఆరుగురికి కావాలంటే విడిగా అమ్మే అదనపు పెట్టె కొనాలి. అది కొన్నా ఒకరి వంతు అయ్యాక మళ్ళీ వచ్చేలోపు మిగతావాళ్ళు ఫోన్లు తీస్తారు. తప్పింది గేమ్ కాదు, కుర్చీల లెక్క.

ఇలాంటి గుంపులకు ఒకటే కొలత పెట్టుకోండి: మనిషి వచ్చి కూర్చున్న పావుగంటలో అతని చేతిలో మొదటి వంతు పడాలి. మిగతా ఏర్పాట్లన్నీ దీనికోసమే.

ముందు రోజు, చోటు. శుక్రవారం సాయంత్రం ఏడింటికి గచ్చిబౌలి నుంచి బయల్దేరినవాడు ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. శనివారమో ఆదివారమో సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా పెట్టండి. మియాపూర్–ఎల్బీ నగర్ మెట్రో లైను, నాగోల్–రాయదుర్గం లైను కలిసేది అమీర్‌పేటలో. అక్కడ స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఎవరి ఇల్లయినా ఉంటే అదే మీ అడ్డా. నెలకోసారి ఇల్లు మార్చుకుందాం అనుకోకండి, ప్రతిసారీ దారి చెప్పడానికే వాట్సాప్ నిండిపోతుంది. గురువారం రాత్రికి "వస్తున్నా" అన్నవాళ్ళనే లెక్కపెట్టండి. "చూద్దాం లే" అంటే రానట్టే, తెలుగులో దానికి ఇంకో అర్థం లేదు. ముగ్గురే తేలినా ఆట ఆపొద్దు. ఒక్క వారం రద్దు చేస్తే రెండో వారం రద్దు చేయడం ఇంకా తేలిక.

ఎంత చెప్పినా ఇద్దరు ఆలస్యంగా వస్తారు. వాళ్ళ కోసం కటాన్ బోర్డు పరిచి ఎదురుచూడటం పొరపాటు. మధ్యలో ఎవరొచ్చినా ఇమిడిపోయే ఆటతో మొదలుపెట్టాలి. దానికి కోడ్‌నేమ్స్‌ను మించింది లేదు. బల్ల మీద 25 మాటలు పరుస్తారు, రెండు జట్లుంటాయి. మొదలుపెట్టే జట్టువి 9 మాటలు, రెండో జట్టువి 8. ఎవరివీ కానివి 7. మిగిలిన ఒక్కటి హంతకుడు, దాన్ని ముట్టుకున్న జట్టు అక్కడికక్కడే ఓడిపోతుంది. ఏ మాట ఎవరిదో చూపే రహస్య పటం జట్టు నాయకులకే కనపడుతుంది. నాయకుడు తన జట్టు మాటలకు సూచనగా ఒక మాట, అది ఎన్నిటికి వర్తిస్తుందో ఒక అంకె చెబుతాడు. జట్టువాళ్ళు ఆ అంకెకు మించి ఒక్కటి దాకా ఊహించవచ్చు. ఒక్కో ఆట పావుగంట, ఇరవై నిమిషాలు. ఆలస్యంగా వచ్చినవాడు ఏదో ఒక జట్టు వెనక కూర్చుంటే చాలు.

దీన్ని తెలుగులో ఆడండి. డబ్బాలోని రహస్య పటాల కార్డులు అలాగే పనికొస్తాయి, మాటల కార్డులే మీరు చేసుకోవాలి. మందపు అట్టను 7 సెంటీమీటర్లకు 4.5 చొప్పున కోసి మార్కర్‌తో రాస్తే ఒక సాయంత్రం పని. వంద మాటలతో మొదలుపెట్టండి. ఇక్కడ చాలామంది చేసే తప్పు, ఒకే అర్థం ఉన్న మాటలు రాయడం. "బీరువా", "కుక్కర్" లాంటివి బోర్డు మీద చచ్చిపడి ఉంటాయి. రెండు మూడు వైపులా లాగగలిగే మాటలు కావాలి: గంట, చుక్క, పన్ను, పాలు, పాట, అచ్చు, నెల, తీగ, ముక్క, తార. "పాట" పక్కన "పన్ను" ఉంటే "వేలం, రెండు" అనవచ్చా, జట్టుకు అందుతుందా అన్నదే ఆటలో మజా.

తెలుగులో ఆడితే తగాదాలూ తెలుగువే వస్తాయి కాబట్టి ముందే తేల్చుకోండి. బోర్డు మీద "చెట్టు" ఉంటే "చెట్లు", "చెట్ల" చెప్పకూడదు. "కాయ" ఉంటే "ఊరగాయ" చెప్పకూడదు. క కాస్తా గ అయిందని తప్పించుకోనివ్వకండి, లోపల ఉన్నది కాయే. అసలు చిక్కు సమాసాలతో. సూచన ఒక్క మాటే ఉండాలి అంటే ఎవడో ఒకడు "హిమాలయపర్వతశిఖరం" అంటాడు. ఇంట్లో మామూలుగా నోట్లోంచి వచ్చే మాటే సూచన, అప్పటికప్పుడు అతికించినది చెల్లదు అని పెట్టుకోండి. ఇంగ్లిష్, ఉర్దూ మాటలు ఒప్పుకోవచ్చు, హైదరాబాద్‌లో అవి లేకుండా ఎవరు మాట్లాడతారు. బోర్డు మీది మాటకే ఇంకో భాషలో పేరు మాత్రం వద్దు: "నీళ్ళు"కు "పానీ" అనకూడదు.

అందరూ వచ్చాక ఆరుగురినీ రెండు బల్లలు చేయండి. మూడు, మూడు బాగుంటుంది. ఒకరికి త్వరగా వెళ్ళే పని ఉంటే నాలుగు, రెండు. ముగ్గురి బల్ల మీద రంగురాళ్ళు పోగేసే స్ప్లెండర్ గానీ రంగు పలకలు పేర్చే అజుల్ గానీ, నలుగురి బల్ల మీద కటాన్ గానీ రైలు దారులు వేసే టికెట్ టు రైడ్ గానీ. ఇద్దరే మిగిలితే జైపూర్. అది ఇద్దరి కోసమే చేసింది, ఒంటెలు, సరుకులు, బేరం. గంటన్నర తర్వాత బల్లలు మార్చుకోండి. రెండు బల్లల ఆటలూ ఒకే సమయానికి ముగియాలని పట్టుబట్టకండి. ముందు అయినవాళ్ళు చాయ్ పెడతారు. డబ్బా మీద 45 నిమిషాలు అని ఉంటే మొదటిసారి గంటకు పైనే పట్టుద్దని లెక్కేసుకోండి.

నియమాలు చెప్పే మనిషి ఒక్కడే ఉండాలి, వాడు ముందురోజు డబ్బా తెరిచి ఒంటరిగా రెండు చేతులూ తనే ఆడి చూసుకోవాలి. బల్ల దగ్గర పుస్తకం విప్పి చదవడం మొదలైందంటే ఆ సాయంత్రం అయిపోయినట్టే. చెప్పే వరుస ఇది: ఎలా గెలుస్తాం, వంతులో ఏం చేస్తాం, ఆట ఎప్పుడు ఆగుతుంది. ఇంతే. మినహాయింపులు ఎదురైనప్పుడు చెప్పొచ్చు. టికెట్ టు రైడ్‌నే తీసుకోండి. చేతిలోని టికెట్ల మీదున్న ఊళ్ళను మన రైళ్ళతో కలపాలి. వంతులో మూడింట్లో ఒకటి చేస్తాం: కార్డులు తీసుకోవడం, ఒక దారి వేయడం, కొత్త టికెట్లు తీయడం. ఒక్కొక్కరికి 45 రైలు పెట్టెలు. ఎవరి దగ్గరైనా రెండు గానీ అంతకు తక్కువ గానీ మిగిలితే, వాళ్ళతో సహా అందరికీ ఇంకో వంతు, ఆట ముగుస్తుంది. రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు. తప్పు జరిగేది రెండు చోట్ల. ఏ రంగుకైనా చెల్లే ఇంజన్ కార్డు తెరిచి ఉన్నది తీస్తే ఆ వంతుకు అదొక్కటే, రెండోది తీయకూడదు. ఇద్దరో ముగ్గురో ఆడేటప్పుడు రెండు ఊళ్ళ మధ్య పక్కపక్కనే ఉండే జంట దారుల్లో ఒక్కటే వాడాలి. ఇది మర్చిపోతే బోర్డు మరీ ఖాళీగా, ఆట చప్పగా ఉంటుంది.

స్ప్లెండర్‌లో రాళ్ళ లెక్క తప్పుతుంది. ఇద్దరికైతే ఒక్కో రంగులో 4, ముగ్గురికి 5, నలుగురికి 7. బంగారం ఎప్పుడూ 5. ఒకే రంగువి రెండు తీయాలంటే ఆ కుప్పలో కనీసం 4 ఉండాలి. చేతిలో 10కి మించకూడదు. 15 పాయింట్లు రాగానే ఆపకుండా ఆ చుట్టు పూర్తిచేయాలి, అందరికీ సమానంగా వంతులు పడాలి కదా. అజుల్‌లో మొదటిసారి ఆడేవాళ్ళంతా ఆశకు పోయి పలకలు ఎక్కువ తీస్తారు. వరుసలో పట్టనివి నేలకు పోతాయి, అక్కడ మొదటి రెండిటికీ ఒక్కొక్క పాయింటు పోతుంది, తర్వాత మూడిటికి రెండేసి, చివరి రెండిటికి మూడేసి. ఇది ముందే చూపించకపోతే మొదటి చుట్టులోనే మొహాలు మాడిపోతాయి.

ఇక మీ కటాన్. మీ శుక్రవారాలు ఎక్కడ సాగదీసుకుపోయాయో ఊహించగలను: బేరాల దగ్గర. కోఠిలో చీర కొన్నట్టు ఒక గొర్రె కార్డు కోసం ఐదు నిమిషాలు. వంతు ఉన్నవాడు అడగాలి, మిగతావాళ్ళు ఒకసారి జవాబివ్వాలి, ఇంకోసారి మార్చొచ్చు, అంతే. వంతు లేనివాళ్ళు తమలో తాము మార్చుకోవడం అసలు నియమాల్లోనే లేదు. మొదటి ఊళ్ళు పెట్టడంలోనే సగం ఆట తేలిపోతుంది కాబట్టి కొత్తవాళ్ళున్నప్పుడు పుస్తకంలో ఇచ్చిన స్థిరమైన అమరిక వాడండి. బోర్డు మీది గడుల్లో అంకెలుంటాయి, పాచికల మొత్తం ఆ అంకె అయితే ఆ గడి సరుకు ఇస్తుంది. ఆ అంకెల కింద చుక్కలు చూపించండి: రెండు పాచికలతో 36 రకాల పందేలు పడితే 6 అయిదు సార్లు, 8 అయిదు సార్లు, 2, 12 ఒక్కోసారే. అష్టాచెమ్మా గవ్వలు వేసి పెరిగినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అమరిక మీరే కలిపితే 6, 8 పక్కపక్కన రాకుండా చూసుకోండి. పాచికల్లో ఏడు పడినప్పుడు చేతిలో ఏడు కార్డులు ఉన్నవాళ్ళు పారేయరు. ఎనిమిది, అంతకు పైన ఉన్నవాళ్ళే సగం పారేస్తారు, తొమ్మిదుంటే నాలుగు. ఏడు పడితే వేసినవాడు దొంగ పావును ఒక గడి మీదకు జరిపి, దాని సరుకు ఆపుతాడు. ఆ దొంగను ప్రతిసారీ ఒకరి మీదే పెడితే అలిగేవాళ్ళుంటే మొదటి రెండు చుట్లలో ఏడు పడితే మళ్ళీ వేయాలని పెట్టుకోవచ్చు. తొండి కాదు, ఇంటి నియమం.

అందరూ ఒకే పక్షాన ఆడే పాండెమిక్ కొనాలని ఎవరో ఒకరు చెబుతారు. నలుగురి దాకా ఆడొచ్చు. కానీ గుంపులో బాగా తెలిసినవాడు ఒకడుంటే మిగతా ముగ్గురూ వాడి చేతికింద గుమాస్తాలవుతారు. అలాంటి మనిషి మీలో ఉంటే దానికి బదులు హనాబి చూడండి. అందులో మీ కార్డులు మీకు కనపడవు, ఎదుటివాళ్ళకే కనపడతాయి, కాబట్టి ఒకడే పెత్తనం చేయడం కుదరదు. అయిదుగురి దాకానే.

ఇంట్లో పెద్దవాళ్ళు వచ్చి కూర్చుంటామంటే డిక్సిట్. 84 బొమ్మల కార్డులు, చదవాల్సింది ఏమీ లేదు. కథ చెప్పేవాడు తన బొమ్మకు ఒక సూచన ఇస్తాడు, మిగతావాళ్ళు దానికి సరిపడే తమ బొమ్మలు కలుపుతారు, వాటిలో వాడిది ఏదో కనిపెట్టాలి. వాడి బొమ్మను అందరూ కనిపెట్టినా, ఎవరూ కనిపెట్టకపోయినా వాడికి సున్నా. అందుకే సామెతలు బాగా పనిచేస్తాయి: "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంటే ఒక బొమ్మకు సరిగ్గా సగంమంది వస్తారు. ఈ ఆటలో అమ్మమ్మలే గెలుస్తారు.

బల్ల సంగతి. ఫ్యాన్ కింద కార్డులు ఎగిరిపోతాయి, ఏప్రిల్‌లో ఫ్యాన్ ఆపలేం. తెరిచిన కుప్పలను అంచులున్న చిన్న ట్రేల్లో పెట్టండి. బల్ల మీద మందపాటి దుప్పటి పరిస్తే పావులు జారవు, కార్డు అంచు గోటికి అందుతుంది. పసుపు బల్బు కింద కటాన్‌లో ఎరుపు, నారింజ ఒకేలా కనపడతాయి. తెల్ల లైటు వేయండి, లేదా ఆ రెండిట్లో ఒక రంగు డబ్బాలోనే ఉంచండి. ఉస్మానియా బిస్కెట్లు, మిర్చి బజ్జీలు ఆటకూ ఆటకూ మధ్య మాత్రమే, చాయ్ కప్పులు వేరే స్టూలు మీద. వెన్న అంటిన కార్డు వెనక మరక పడితే అది గుర్తుపట్టే కార్డు అవుతుంది, ఆట చెడుతుంది. ఎక్కువ కలిపే కార్డులకు ప్లాస్టిక్ తొడుగులు వేయండి. స్కేలుతో కొలిచాకే కొనండి: స్ప్లెండర్‌వి దాదాపు 63కి 88 మిల్లీమీటర్లు, కటాన్‌వి 54కి 80, ఒకదాని తొడుగు ఇంకోదానికి పట్టదు. వానాకాలంలో కార్డులు వంగుతాయి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు దాచి గేమ్ డబ్బాల్లో వేయండి, గోడకు ఆనించి పెట్టకండి.

ఆన్‌లైన్‌లో అసలు ధరలో నాలుగో వంతుకు దొరికేవి ఎక్కువగా నకళ్ళు. కార్డుల వెనక రంగులో తేడా ఉంటుంది, అక్షరాల అంచులు మసగ్గా ఉంటాయి, అట్ట పలకలు విడదీస్తుంటే పొరలు లేస్తాయి. స్ప్లెండర్ రాళ్ళు చేతిలో బరువుగా ఉండాలి. తేలికగా ఉన్నాయంటే తిరిగి పంపేయండి.

అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఆడితే కార్డులు చూసి పేకాట అనుకుంటారు. సెక్రటరీకి ముందే ఒక డబ్బా తెరిచి చూపించండి. పైసా పందెం కూడా పెట్టకండి, తెలంగాణలో డబ్బు పెట్టి ఆడటం గేమింగ్ చట్టం కింద నేరం.

ఏం కొనాలని అడిగారు కాబట్టి, కొనే వరుస ఇది: ముందు కోడ్‌నేమ్స్, తర్వాత స్ప్లెండర్, తర్వాత జైపూర్, ఆ మూడూ పాతబడ్డాక టికెట్ టు రైడ్. కటాన్ అమ్మేయకండి. రెండు నెలలు బీరువా మీద ఉంచి, సరిగ్గా నలుగురే వచ్చిన శనివారం దించండి.