గాజులు తిరిగిచ్చాను, ఆవిడ మాట్లాడటం మానేశారు

ప్రశ్న: మాది నారాయణపేట వైపు. హైదరాబాద్‌లో, అల్వాల్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో ఆరేళ్లుగా ఆయాగా చేస్తున్నాను. ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసులో రిటైరైన పెద్దావిడ ఒకరు రెండేళ్ల కిందట చేరారు. 79 ఏళ్లు. మొదటిరోజు నా చేతి నీళ్లు కూడా తాగలేదు. ఇప్పుడు నేను సెలవు పెడితే అన్నం ముట్టరు. ‘ఆనిగెపుకాయ ఏంటే, సొరకాయ అనలేవూ’ అని వెక్కిరిస్తూనే మా ఇంటి జొన్నరొట్టె అడిగి తింటారు. ఆదివారాలు మా పాపకు ఏడో తరగతి లెక్కలు చెప్తారు. పోయిన నెల రెండు బంగారు గాజులు చేతిరుమాల్లో మూటకట్టి నా టిఫిన్ బ్యాగులో పెట్టారు. భయమేసి మేనేజర్‌కి అప్పగించాను. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేసి ‘ఎవరా ఆయా?’ అని నిలదీశాడట. నన్ను పై అంతస్తుకి మార్చారు. ‘ఫ్లాటు వాడికి రాసిచ్చి తప్పు చేశాను, ఏదైనా దారి చూడు’ అని కూడా ఆవిడ అంతకుముందు నాతో అన్నారు. మా ఆయన ఉద్యోగం మానెయ్ అంటున్నాడు. ఏం చేయను?

జవాబు: ఉద్యోగం మానొద్దు. గాజులు ఉంచుకోకపోవడం కూడా మంచి పనే. కాకపోతే, మీరు వాటిని మేనేజర్‌కి ఇచ్చిన సంగతి ఆవిడకి ఎవరు చెప్పారు? మీరు రాయలేదు. మేనేజరే చెప్పి ఉంటారని నా అనుమానం. అసలు గొడవ అక్కడే ఉంది. ముందు ఆవిడ దగ్గరికెళ్లి, ‘అమ్మా, ఇవి నా దగ్గరుంటే రేపు దొంగతనం నా మీద పడుతుంది, ఇద్దరం కలిసే ఆఫీసులో ఇద్దాం’ అని ఉంటే ఆ కోపం ఒక్క పూటలో పోయేది. తనకు చెప్పకుండానే గాజులు చేతులు మారేసరికి చిన్నబుచ్చుకున్నారు.

ఆశ్రమంలో ఆవిడ రోజు ఎలా గడుస్తుందో మీకు తెలియంది కాదు. పొద్దున్నే కాఫీ ఎవరో ఇస్తారు. మాత్రలు ఎవరో ఇస్తారు, వేణ్నీళ్లు ఎవరో తోడతారు. పిల్లాడి పుట్టినరోజని ఎవరో వచ్చి పళ్లు పంచి, ఫొటో దిగి వెళ్తారు. ఉద్యోగమంతా పద్దులు తనిఖీ చేసిన మనిషికి ఇప్పుడు రోజంతా పుచ్చుకోవడమే పని. మొదటిరోజు మీ చేతి నీళ్లు తాగకపోవడంలో కులం పట్టింపు ఉందేమో, ఉంటే దాన్ని నేను వెనకేసుకురాను. ఒకరి చేత పుచ్చుకోవడమేంటన్న బింకం కూడా కొంత ఉండొచ్చు. అలాంటి మనిషి రెండేళ్లకి మీకేదో ఇవ్వాలనుకున్నారు. చేతికందినవి గాజులు.

కొడుకు విషయం. డాలస్‌లో తెల్లారేసరికి ఇక్కడ సాయంత్రమవుతుంది. అమ్మ రోజు ఎలా గడుస్తుందో ఆయనకు తెలిసేది ఫోన్‌లోనే. మీ గురించి ఆయన గట్టిగా విన్న మొదటి మాట ‘గాజులు’ అయితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. మేనేజర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక వీడియో కాల్ మాట్లాడండి. ఏ రోజు ఎవరికి ఇచ్చారో చెప్పండి, తర్వాత వాళ్లమ్మ ఏం తింటున్నారో చెప్పండి. అంతకంటే ముందు ఆ గాజుల సంగతి రిజిస్టర్‌లో తేదీతో రాయించి, ఆవిడ సంతకం, మేనేజర్ సంతకం, మీ సంతకం పెట్టించి, ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. మీ ఆయనకి చూపించండి. ఆయన టెన్షన్ కూడా ఈ నింద గురించే అయ్యుంటుంది.

ఫ్లాటు గొడవలో మాత్రం మీరు అడుగు పెట్టకండి. లాయర్ని వెతకడం, సాక్షి సంతకం, రిజిస్ట్రేషన్ ఆఫీసుకి తోడెళ్లడం, ఏదీ వద్దు. ఆవిడకి దారి లేదని కాదు. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. బాగోగులు చూడాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక వాళ్లు చూడకపోతే, ఆ రాత చెల్లదని ప్రకటించమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. మన దగ్గర దానికి ఆర్డీఓ దగ్గరికి వెళ్లాలి. ఆ షరతు కాగితంలో ఉందా లేదా అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, డబ్బులు పడవు. ఈ నంబరు ఆవిడకి ఇవ్వండి చాలు, ఫోన్ ఆవిడే చేసుకోవాలి. నాకైతే ఆవిడ చేస్తారని నమ్మకం లేదు. ఇలాంటి మాటలు పెద్దవాళ్లు చాలాసార్లు కేసు వేద్దామని అనరు, కొడుకు మీద బెంగ పెట్టుకుని అంటారు.

పై అంతస్తుకి మార్చారని గొడవ పడకండి. డ్యూటీ దిగాక, మేనేజర్‌కి చెప్పి, తలుపు తీసే ఉంచి పది నిమిషాలు కూర్చుంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. మొదటిరోజు ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంటారు, పడుకోనివ్వండి. ‘అమ్మా, నీకు ముందు చెప్పకుండా ఇచ్చేశాను, అది నా తప్పే’ అని ఒక్కసారి చెప్పండి. పదిసార్లు బతిమాలకండి, ఆవిడకి అది నచ్చదు.

ఆదివారం పాపని వెంట తీసుకెళ్లండి. లెక్కల నోట్‌బుక్ సరిదిద్దకుండా, తప్పులు తప్పులుగానే పట్టుకెళ్లి ఎర్ర పెన్నుతో పాటు మంచం మీద పెట్టండి. ఏజీ ఆఫీసులో పనిచేసిన మనిషి, తప్పు కూడిక కళ్లెదుట ఉంటే ఎంతసేపని గోడ చూస్తారు!