విలియమ్స్‌బర్గ్‌లో బానిసల చరిత్ర ప్రదర్శనలు పిల్లలకు చూపించవచ్చా?

మీరు అడిగింది ఇది: పదకొండేళ్ళ అమ్మాయిని, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకుని వర్జీనియాలో 18వ శతాబ్దపు ఊరిని పునరుద్ధరించి మ్యూజియంగా నడుపుతున్న కలోనియల్ విలియమ్స్‌బర్గ్ వెళ్తున్నారు. అక్కడ నల్లజాతివారి జీవితాన్ని వేషం కట్టి చూపించే కార్యక్రమాలు పిల్లలకు తగినవేనా, లేక గవర్నర్ భవనం, కమ్మరి కొలిమి చూసి వచ్చేయడం మేలా?

తప్పకుండా చూపించండి. అవి వదిలేస్తే మీరు చూసేది సగం ఊరే. 18వ శతాబ్దంలో ఆ ఊరి జనాభాలో సగానికి పైగా నల్లజాతివారు, వారిలో దాదాపు అందరూ బానిసలు. 1926లో కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ డబ్బుతో ఊరి పునరుద్ధరణ మొదలైంది కానీ, వీరి కథను నల్లజాతి నటుల చేత చెప్పించడం 1979లో గానీ ఆరంభం కాలేదు.

మేము ఉత్తర వర్జీనియాలో ఉంటాం. చుట్టాలు వచ్చినప్పుడల్లా అటు ప్రయాణమే. అందరూ ముందు గవర్నర్ భవనానికి పరుగెత్తుతారు. మీరు మాత్రం పేటన్ రాండాల్ఫ్ ఇంటితో మొదలుపెట్టండి. అందులోనూ ముందు గదుల కన్నా వెనక ఉన్న వంటశాల దగ్గర ఎక్కువ సేపు ఉండండి. రాండాల్ఫ్ మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్‌కు, అంటే అమెరికాలోని బ్రిటిష్ వలసల ప్రతినిధుల సభకు, అధ్యక్షుడు. ఆయన ఇంటి చాకిరీ చేసింది కనీసం 27 మంది బానిసలు. బ్రిటన్‌పై తిరగబడిన అమెరికన్ల బానిసలు తమ సైన్యంలో చేరితే విడుదల చేస్తామని 1775 నవంబరులో బ్రిటిష్ గవర్నర్ డన్‌మోర్ ప్రకటించాడు. ఆ ఇంటి నుంచి ఈవ్ అనే ఆమె బ్రిటిష్ వారి వైపు పారిపోయింది. తర్వాత మళ్ళీ చిక్కింది, యజమానురాలు ఆమెను అమ్మేసింది. స్వాతంత్ర్య పోరాటం గురించి బడిలో గొప్పగా చదువుకున్న మా అబ్బాయి ఇది విని, "అయితే ఈ కథలో మనం ఎవరి పక్షం?" అని అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేదు, చెప్పనవసరం లేదు కూడా.

వేషధారుల్లో రెండు రకాలవారు ఉంటారు. కొందరు ఆ కాలపు దుస్తుల్లోనే ఉండి ఈ కాలం మనిషిగా వివరిస్తారు. కొందరు పాత్రను వదలరు, ఫోను చూపిస్తే అదేమిటని అడుగుతారు. చాలా ప్రదర్శనల చివర నటులు పాత్రలోంచి బయటికి వచ్చి ప్రశ్నలకు జవాబులు చెబుతారు. మనవాళ్ళు సరిగ్గా అప్పుడే భోజనానికి లేస్తారు! దయచేసి కూర్చోండి, అసలు సారం అక్కడే ఉంటుంది. "ఈ పాత్ర వేయడం మీకు బాధగా లేదా" అన్న ప్రశ్న వాళ్ళు రోజూ వినేదే. దానికి బదులు ఆ మనిషి గురించి అడగండి. ఉదాహరణకు జేమ్స్ లఫాయెట్: 1781లో బ్రిటిష్ శిబిరంలో ఉంటూ అమెరికన్లకు రహస్యాలు చేరవేసిన బానిస. సైనికులుగా పోరాడిన బానిసలకు విడుదల ఇచ్చిన చట్టం గూఢచారికి వర్తించలేదు. అందుకే యుద్ధం ముగిశాక కూడా జేమ్స్ విడుదల కోసం 1787 దాకా ఆగవలసి వచ్చింది.

ఇక భయం సంగతి. కొట్టడం, హింసించడం నేను చూసిన వాటిలో లేవు, బాధంతా మాటల్లోనే ఉంటుంది. 1994 అక్టోబరులో ఒకసారి బానిసల వేలాన్ని నటించి చూపించినప్పుడు పౌరహక్కుల సంఘాలు నిరసన తెలిపాయి. చూశాక ఆ నిరసనకారుల్లోనే ఒక నాయకుడు అభిప్రాయం మార్చుకున్నారు. మీ అమ్మాయికి బ్రే స్కూలు బాగా అర్థమవుతుంది. 1760 నుంచి 1774 వరకు నల్లజాతి పిల్లలకు అక్కడ చదవడం నేర్పారు, దానితో పాటే యజమానికి విధేయతనూ నూరిపోశారు. ఎందుకలా అని తనే అడుగుతుంది, చూడండి.

పెద్దవాళ్ళకు విసుగు పుడుతుందేమో అనుకోకండి. మాది నల్లగొండ. మా నాన్న వంటశాల ముందు నిలబడి, దొరల గడీలో వెట్టి చేసినవాళ్ళను గుర్తుచేసుకున్నారు. పోలిక కొంతవరకే కుదురుతుందని నా అభిప్రాయం. తల్లి బానిస అయితే పుట్టే బిడ్డా బానిసే అని వర్జీనియా 1662లోనే చట్టం చేసింది. మనిషిని ఆస్తిగా రాసుకుని, అమ్మి, వీలునామాలో పంచుకున్నారు. వెట్టి ఘోరమే, కానీ ఇలాంటిది కాదు. కారులో ఇంటికి వచ్చేవరకు మేమిద్దరం దీని మీదే వాదించుకున్నాం.

వీధుల్లో ఉచితంగా తిరగవచ్చు. ఇళ్ళలోకి వెళ్ళాలంటే టికెట్టు కావాలి. కార్యక్రమాలు రోజురోజుకీ మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందే వెబ్‌సైటులో చూసుకుని, వాటి వేళలను బట్టి మిగతావి సర్దుకోండి. నటుల ఆంగ్లం పాతకాలపు తీరులో ఉంటుంది, అందుకని ఈవ్ కథ, జేమ్స్ కథ మీ అమ్మానాన్నలకు దారిలోనే తెలుగులో చెప్పి ఉంచండి.