హచికో విగ్రహం: 1934 కరెక్టా, 1948 కరెక్టా?

చనిపోయిన యజమాని కోసం ఏళ్ల తరబడి స్టేషన్ దగ్గర ఎదురుచూసిన జపాన్ కుక్క హచికో గురించి మీ పాప స్పీచ్ రాస్తోందని, విగ్రహం పెట్టిన ఏడాది ఒకచోట 1934 అని, ఇంకోచోట 1948 అని ఉందని అడిగారు కదా. రెండూ కరెక్టేనండీ. టోక్యోలోని షిబుయా స్టేషన్ దగ్గర హచికోకి రెండుసార్లు విగ్రహం పెట్టారు. మీ పాప స్పీచ్‌లో తేదీలు కలవనిది అందుకే. ఇలా రాయించండి:

1. 1925 మే: హచికో యజమాని ప్రొఫెసర్ ఉయెనో మరణం. ఆయన కోసం హచికో ఎదురుచూపులు మొదలు.

2. 1934 ఏప్రిల్: మొదటి విగ్రహం. అందరూ పొరబడేది ఇక్కడే. కుక్క చనిపోయాక పెట్టారనుకుంటారు. అప్పటికి హచికో బతికే ఉంది, ఆవిష్కరణకు తనూ వచ్చింది! ఈ మాట మాత్రం వదలకండి.

3. 1935 మార్చి 8: హచికో మరణం. లెక్కేస్తే ఎదురుచూసింది తొమ్మిదేళ్ల తొమ్మిది నెలలు. కొందరు పదేళ్లు అనేది దీన్నే.

4. యుద్ధకాలంలో లోహం కోసం ఆ విగ్రహాన్ని కరిగించేశారు. 1948 ఆగస్టులో పెట్టిన రెండోది చేసింది మొదటి శిల్పి కొడుకే.

ఇంకో నిమిషం టైముంటే, 2015లో టోక్యో యూనివర్సిటీలో పెట్టిన విగ్రహం గురించి చెప్పించండి. అందులో హచికో ఎగిరి ప్రొఫెసర్ మీదికి దూకుతుంటుంది.