థైరాయిడ్ మాత్ర యాభై నుంచి డెబ్భై అయిదుకు పెంచి మూడు వారాలే అయితే, ఇంకా ఆగండి

మీరు అడిగింది ఇదీ: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను తక్కువైతే పెరిగే, ఎక్కువైతే తగ్గే పిట్యూటరీ సంకేతం) 8.2 వచ్చిందని డాక్టర్ 50 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్రను 75 చేశారు, మూడు వారాలైనా నీరసం పోలేదు, వేలచ్చేరిలో మీ పక్కింటావిడ 100 వేసుకుని హాయిగా ఉంది, మీరూ సొంతంగా వందకు వెళ్లొచ్చా అని. వద్దండి. చాదస్తంతో చెప్పడం లేదు, ఆ మందు పనిచేసే తీరే అంత.

ఆ మాత్రలో ఉండే హార్మోను థైరాక్సిన్ ఒంట్లో చాలా నెమ్మదిగా కరుగుతుంది. ఈ రోజు వేసుకున్న మాత్రలో సగం పోవడానికి దాదాపు వారం పడుతుంది. అందుకే డోసు మార్చాక రక్తంలో కొత్త మట్టం కుదురుకోవడానికి అయిదారు వారాలు కావాలి. టీఎస్‌హెచ్ దానికంటే కూడా బద్ధకంగా దిగుతుంది. సాయంత్రం ఎండ పోయాక కూడా మద్రాసు మిద్దె మీద కాలు పెట్టలేం కదా, అలాగన్నమాట. లోపల హార్మోను పెరిగినా మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఇంకా పాత లెక్కలోనే అరుస్తూ ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత పరీక్ష చేయించమని డాక్టర్లు అనేది ఇందుకే. మీరు ఇప్పుడు పరీక్ష చేయించుకున్నా వచ్చే అంకె పనికిరాదు, డబ్బు దండగ.

నా సంగతి చెబుతాను. నేను పెరంబూరులో ఉంటాను, ఈ మాత్రలతో ఏళ్ల తరబడి కాపురం. 75 మీద అంతా కుదురుగా ఉన్న రోజుల్లో రక్తం తక్కువగా ఉందని గైనకాలజిస్టు ఐరన్ మాత్రలు రాశారు. థైరాయిడ్ చీటీలోనూ, ఐరన్ చీటీలోనూ ఒకటే మాట: ఉదయం, పరగడుపున. రెండూ ఒకే గుక్క నీళ్లతో వేసుకునేదాన్ని. ఆ తర్వాత చేయించిన పరీక్షలో టీఎస్‌హెచ్ 11 దాటింది. ఒక పెద్ద ఆసుపత్రిలో డాక్టర్ రిపోర్టు చూసి, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని ఒక్క మాట అడగకుండా 100 రాసేశారు. ఐరన్ కోర్సు అయిపోయింది, వంద మాత్రం నడుస్తూనే ఉంది. కొన్నాళ్లకు గుండె దడ, రాత్రిళ్లు నిద్ర లేదు. పొద్దున కాఫీ తిరగబోస్తుంటే చేయి వణికి దవరా అంచు మీంచి గట్టు మీదికి ఒలికేది. ఈసారి టీఎస్‌హెచ్ 0.08.

తర్వాత చూసిన ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టర్, రిపోర్టు జోలికి పోకుండా, "ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ తెచ్చి ఈ టేబుల్ మీద పెట్టండమ్మా" అన్నారు. ఖాళీ అయిన ఐరన్ షీటు కనబడగానే ఆయనకు విషయం అర్థమైంది. ఐరన్ పేగులో థైరాక్సిన్‌ను పట్టుకుని రక్తంలోకి పోనివ్వదట. కాల్షియం కూడా అంతే. ఈ రెండింటికీ థైరాయిడ్ మాత్రకూ మధ్య నాలుగు గంటలు ఉండాలి. నాకు మళ్లీ 75కే తగ్గించారు. ఈ వయసులో గుండె లయ తప్పినా, ఎముకలు గుల్లబారినా చిన్న విషయం కాదని కూడా చెప్పారు. ఎక్కువ డోసు వేసుకుంటే హుషారు వస్తుందని కొందరు అనుకుంటారు, చివరికి వచ్చేది ఈ దడే.

అందుకని మీరు డోసు గురించి ఆలోచించే ముందు ఆ మాత్ర లోపలికి ఎలా పోతోందో చూసుకోండి. మన ఊళ్లో అసలు చిక్కు ఫిల్టర్ కాఫీతో. డికాక్షన్ వాసన వస్తుంటే మాత్ర వేసుకుని గంట ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ కాఫీ కూడా మందును సరిగ్గా ఎక్కనివ్వదు. కనీసం అరగంట, వీలైతే గంట ఎడం ఉండాలి. అది కుదరని వాళ్లకు డాక్టర్లు రాత్రి భోజనమైన మూడు గంటలకు, పడుకునే ముందు వేసుకోమంటారు. గ్యాస్‌కని రోజూ వేసుకునే మాత్రలు కూడా అడ్డమే, అవి వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి.

మందుల షాపులో "అదే మందమ్మా, కంపెనీ వేరు" అని ఇంకో సీసా చేతిలో పెడతారు. థైరోనార్మ్ అయినా ఎల్‌ట్రాక్సిన్ అయినా మంచివే. ఏది వాడుతున్నారో దాన్నే వాడండి, మార్చాల్సి వస్తే ఆరు వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకోండి. కత్తిరి ఎండల్లో సీసాను వంటగట్టు మీద, కిటికీ పక్కన పెట్టకండి. వేడికీ వెలుతురుకూ ఆ మందు బలం తగ్గుతుంది.

పక్కింటావిడ వంద సంగతికొస్తే, ఆవిడ లెక్క ఆవిడది. థైరాయిడ్ గ్రంథి పూర్తిగా పనిచేయని పెద్దవాళ్లకు కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాములని ఒక లెక్క ఉంది. మీ 62 కిలోలకు అది దాదాపు వందే వస్తుంది, చూసి సంబరపడకండి. మీ గ్రంథి ఇంకా కొంత పనిచేస్తుంటే అంత అక్కర్లేదు. వయసు మళ్లినవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు 12.5తోనో 25తోనో మొదలుపెడతారు. 75కూ 100కూ నడుమ 88 కూడా దొరుకుతుంది. లేదంటే వారంలో అయిదు రోజులు 75, రెండు రోజులు 100 అని రాస్తారు. మా ఆడపడుచుకు అలాగే రాశారు. ఆవిడ గోడ మీద డైలీ క్యాలెండర్‌లో శని, ఆదివారాల కాగితాలకు ముందే ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టుకుంటుంది. కాగితం చింపినప్పుడల్లా ఏ మాత్రో తెలిసిపోతుంది.

జుట్టు ఊడుతోందని కూడా రాశారు. జుట్టు కోసమని వేసుకునే బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వాడుతున్నారా? చాలా ల్యాబుల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, ల్యాబులో చెప్పాలి కూడా. పరీక్ష ఎప్పుడూ ఉదయం దాదాపు ఒకే సమయానికి చేయించండి. ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోండి. అదే సూదితో హిమోగ్లోబిన్, బీ12, విటమిన్ డి కూడా చూడమని అడగండి. శాకాహారులమన్నారు కదా, ఈ నీరసంలో బీ12 వాటా ఎంతో ముందు తేలనివ్వండి. టీఎస్‌హెచ్ సరిగ్గా ఉండి కూడా ఒళ్లు ఈడ్చుకుంటూ తిరిగేవాళ్లను చాలామందిని చూశాను, వాళ్లకు కావలసింది ఇంకో పాతిక మైక్రోగ్రాములు కాదు.

ఆరు వారాలు ఆగమన్నాను గానీ, ఛాతీ నొప్పి, గుండె దడ, చేతుల వణుకు ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు, డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఇంకొకటి. రెండో బిడ్డ కోసం చూస్తున్నామని ప్రశ్న చివర ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నన్నడిగితే అది మొదటి వాక్యంలో ఉండాల్సిన మాట. మీ డాక్టర్‌కు ఇది తెలుసా? గర్భం కోసం చూస్తున్నవాళ్లకు టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండేలా చూస్తారు. నెల తప్పిందంటే డోసు మామూలుగా 20 నుంచి 30 శాతం దాకా పెంచాల్సి వస్తుంది, బిడ్డకు మొదటి నెలల్లో తల్లి హార్మోనే ఆధారం కాబట్టి. ఆ పెంపు ఎంత, ఏ రోజు నుంచి అనేది ఇప్పుడే అడిగి చీటీ మీద రాయించుకోండి. ప్రెగ్నెన్సీ టెస్టులో రెండు గీతలు కనబడిన రోజున అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు.