కొత్త పుస్తకాలు త్వరగా అరల్లోకి చేరాలంటే ఏ పనులు మానేయవచ్చు?

మహబూబ్‌నగర్‌లోని మీ డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో ఇద్దరే సిబ్బంది ఉన్నారని, కొత్త పుస్తకాలు నెలల తరబడి అట్టపెట్టెల్లోనే ఉండిపోతున్నాయని రాశారు. ఏ పనులు మానేస్తే ఆడిట్‌లో చిక్కు రాదని అడిగారు. నల్లగొండలో ఒక కళాశాల గ్రంథాలయంలో ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి మా అనుభవం చెబుతాను.

ముందే పనుల జాబితా వేయకండి. జాబితాలో ప్రతి పనీ అవసరమైనదిగానే కనిపిస్తుంది. ఒక్క పుస్తకాన్ని తీసుకుని, పార్శిల్ విప్పినప్పటి నుంచి అరలో పెట్టేదాకా దాని వెంటే వెళ్లండి. ఎవరి చేతికి వెళ్లింది, ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఆగింది రాసుకోండి. మా దగ్గర అలా చూస్తే పుస్తకం పేరు, రచయిత పేరు బిల్లుల రిజిస్టరులో, అక్సెషన్ రిజిస్టరులో (వచ్చిన ప్రతి పుస్తకానికీ వరుస సంఖ్య వేసి రాసే రిజిస్టరు), పాఠకులు వెతుక్కునే కేటలాగు కార్డు మీద, పుస్తకం ఎవరు తీసుకున్నారో రాసే బుక్ కార్డు మీద, చివరికి కంప్యూటర్‌లో కూడా రాస్తున్నామని తేలింది. కార్డుల సొరుగులను విద్యార్థులు తెరవడం ఎప్పుడో మానేశారు. మేము మాత్రం రాస్తూనే ఉన్నాం.

కేటలాగు కార్డులు ఆపేశాం. బార్‌కోడ్‌తో పుస్తకాలు ఇస్తున్నాం కాబట్టి బుక్ కార్డుకూ, దాన్ని పెట్టే సంచికీ పని లేదు. తేదీ చీటీ మాత్రం ఉంచాం. తిరిగి ఇవ్వాల్సిన తేదీ విద్యార్థి కంటపడేది అక్కడే. పుస్తకం వీపున అంటించే లేబుల్ మీద పారదర్శక టేపు వేయడం కూడా మానవద్దు. మన ఎండలకు జిగురు ఎండి లేబుల్ ఊడితే పని మళ్లీ మొదటికి వస్తుంది. దినపత్రికల రిజిస్టరులో రానివాటినే రాస్తున్నాం, బిల్లులో తగ్గించడానికి అది చాలు.

ఇక ఆడిట్ సంగతి. అక్సెషన్ రిజిస్టరు మానేయాలని అనుకోవద్దు, అది ఆస్తి లెక్క. అయితే చేత్తోనే రాయాలా అని గ్రంథాలయ కమిటీని అడగండి. కంప్యూటర్‌లో ఎక్కించిన వివరాలను ముద్రించి, ప్రతి పేజీ మీద ప్రిన్సిపాల్ సంతకం తీసుకుని, బైండు చేయించేందుకు మేము లిఖితపూర్వక అనుమతి తీసుకున్నాం. నోటిమాట అనుమతి ప్రిన్సిపాల్ బదిలీతోనే పోతుంది. స్టాకు తనిఖీకి కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లోని 215వ నియమం చూడండి. 20,000 సంపుటాల వరకు ఏటా, 50,000 వరకు కనీసం మూడేళ్లకోసారి పూర్తి తనిఖీ చేయాలని, అంతకు మించితే నమూనా తనిఖీ సరిపోతుందని అందులో ఉంది. ఏడాదిలో పాఠకుల చేతికి వెళ్లిన ప్రతి వెయ్యి సంపుటాలకు ఐదు పోవడం సహజమేనని, నిర్లక్ష్యం ఉంటే ఆ మినహాయింపు ఉండదని కూడా ఉంది. ఇవి కేంద్ర సంస్థల నియమాలు, మీకు వర్తించే ఉత్తర్వులు ముందు చూసుకోండి. అయినా కమిటీ ముందు మాట్లాడేటప్పుడు ఆసరాగా ఉంటాయి.

ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాల వివరాలు మీరు టైపు చేయనక్కర్లేదు. కోహా అనే ఉచిత గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లో ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద ముద్రించే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఇచ్చి వెతికితే అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వంటి చోట్ల ఉన్న రికార్డు చాలాసార్లు దొరుకుతుంది. అందులో కామాలు, చుక్కలు దిద్దుతూ కూర్చోకండి. ఎడిషన్, వర్గ సంఖ్య (విషయాన్ని బట్టి పుస్తకానికి ఇచ్చే అంకె) సరిచూసి వదిలేయండి.

అలా మిగిలిన సమయమంతా తెలుగు పుస్తకాలకు కేటాయించండి. ఈ విషయంలో నేను గట్టిగా చెబుతాను. మన జిల్లాల కవులు, చరిత్రకారులు సొంత ఖర్చుతో వేసుకున్న పుస్తకాలు చాలావాటికి ఐఎస్‌బీఎన్ ఉండదు, సిద్ధంగా ఉన్న రికార్డూ దొరకదు. మీరు ఎక్కించకపోతే వెతికేవారికి ఆ పుస్తకం లేనట్టే. ఎక్కించేటప్పుడు ఒకరు ‘నారాయణరెడ్డి’ అని కలిపి, మరొకరు ‘నారాయణ రెడ్డి’ అని విడదీసి రాస్తే ఒకే రచయిత పుస్తకాలు రెండు చోట్లకు చీలిపోతాయి. కాబట్టి ఇంటిపేరు ముందా వెనకా, పేరు కలపాలా విడదీయాలా, కలంపేరు ఎక్కడ రాయాలి అనేవి అరపేజీలో రాసి కంప్యూటర్ పక్కన అంటించండి. టైపింగ్ యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు చదవగలిగే పద్ధతిలోనే) ఉండాలి. వర్గ సంఖ్యలు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827, కవిత్వం 894.8271, కథలు, నవలలు 894.8273. మీవంటి గ్రంథాలయానికి ఆపైన అంకెలు పెంచుకుంటూ పోనక్కర్లేదు. రచయిత పేరులోని మొదటి మూడు అక్షరాలు జోడిస్తే అరలో పుస్తకం దొరుకుతుంది. మేము వాడుతున్న అరపేజీ నియమాలు కావాలంటే చెప్పండి, రాసి పెడతాను.